దరఖాస్తులో లేని గడి

2024 ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం మా పిన్నిగారి ఇంటి అరుగు మీద కూర్చుని చిన్నాన్న తరఫున ఒక దరఖాస్తు నింపాను. ఊరు వజ్రపుకొత్తూరు మండలంలోనిది. పేరు చెప్పనక్కరలేదు, ఉద్దానంలో ఏ ఊరైనా ఈ కథకు సరిపోతుంది. చిన్నాన్నకు అప్పటికి మూడేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతున్నది. అది చాలదన్నట్లు అంతకు ఏడాది క్రితం పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. పేరు, ఆధారు సంఖ్య, బియ్యం కార్డు సంఖ్య, జబ్బు, డయాలసిస్ మొదలైన తేదీ, చివర వేలిముద్రకు చోటు. నేను గడులు ఒక్కొక్కటే పూరిస్తుంటే పిన్ని గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ అడిగింది: "ఇందులో నా పేరేటీ అక్కర్లేదా నాయనా?"

అక్కరలేదు. ఆ కాగితంలో ఎక్కడా ఆమెకు గడి లేదు. ఆ మాట చెప్పి నవ్వేశాను గాని తరువాత చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ప్రభుత్వం రోగికి డబ్బు ఇవ్వడం ఎప్పుడు మొదలుపెట్టింది, దేనిని కొలిచి ఇచ్చింది, ఆ కొలతల్లో రోగిని ఎత్తి కూర్చోబెట్టే మనిషి ఎందుకు రాలేదు అని వెదుకుతూ పోయాను. దొరికినది మీతో పంచుకోవాలని ఈ వ్రాత.

పింఛను అనే మాట మా వైపు మొదట పట్టాళంలో పనిచేసి వచ్చినవాళ్ళది, రైల్వేవాళ్ళది. పలాస రైల్వే ఊరు. ఉద్దానం కుర్రవాళ్ళు సైన్యంలో చేరడం తరాలుగా ఉన్నదే. మిగిలినవారికి వృద్ధాప్యంలో ఆధారం కొబ్బరిచెట్టు. ఉద్యానం అన్న మాటే ఉద్దానమయిందంటారు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల తీరమంతా కొబ్బరి, జీడి, పనస. నాలుగు చెట్లున్న ముసలివాడు కాయ దింపించుకుని ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతికేవాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మంచాన పడినవాణ్ణి ఇంట్లో సాకడానికి అయ్యే ఖర్చును ఇక్కడ చాలాకాలం మోసినది సర్కారు కాదు, తోట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని దాటిన రాత్రి ఆ తోటలు నేలకు ఒరిగాయి. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. రోగులున్న ఇళ్ళలో పింఛను ఆదరువు అనే స్థితి నుంచి ఆధారం అనే స్థితికి మారినది ఆ రాత్రి తరువాతే అని నా అభిప్రాయం.

సర్కారు మొదట కొలిచినది వయస్సును. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ వృద్ధాప్య పింఛను పథకం తెచ్చినప్పుడు ఇచ్చినది నెలకు 75 రూపాయలు. 2006కు మన రాష్ట్రంలో అది 200 అయింది. అప్పట్లో ఊరికి ఇన్ని అని లెక్క ఉండేది. పాతవారెవరైనా కాలం చేస్తే తప్ప కొత్తవారికి రాదు. ఊళ్ళో చావు జరిగితే ఆ ఖాళీ ఎవరికని మరునాడే చర్చ నడిచేది. మనుషుల మీద దయలేక కాదు, లెక్క అట్లా పెట్టారు కనుక.

తరువాత కొలిచినది వైకల్యాన్ని. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాలను గుర్తించి 40 శాతం అన్న గీత గీసింది. ఆ శాతాన్ని నిర్ణయించి ధ్రువపత్రం ఇవ్వడానికి మన రాష్ట్రంలో సదరం శిబిరాలు వచ్చాయి. ఇక్కడే ఉద్దానానికి చిక్కు వచ్చిపడింది. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీటి వలన ఎముకలు వంగిపోతున్న సంగతిని 1937లోనే వైద్యులు ప్రకటించారు. వంగిన ఎముక కంటికి కనబడుతుంది, కొలతకు లొంగుతుంది, దానికి శాతం వేయవచ్చు. పాడైపోయిన మూత్రపిండం కనబడదు. మనిషి నడిచి వస్తాడు, కూర్చుంటాడు, అడిగినదానికి బదులు చెబుతాడు. చెయ్యీ కాలూ బాగానే ఉన్నవాడికి సున్నా శాతం. 2016లో కొత్త చట్టం వచ్చి ఏడు రకాలను 21కి పెంచింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి నెత్తురు జబ్బులు కూడ అందులో చేరాయి. మూత్రపిండాల జబ్బు ఆ 21లోనూ లేదు.

ఉద్దానంలో ఈ జబ్బును 1980ల చివర, 1990లలో సోంపేట వైపు వైద్యం చేస్తున్న డాక్టర్లు ముందుగా పసిగట్టారు. మధుమేహం లేదు, రక్తపోటు లేదు, పొలం పని చేసుకునే నడివయస్సువాళ్ళు వాపులతో వచ్చి కొద్దికాలానికే పోతున్నారు. తాతపూడి రవిరాజు గారు, వారి సహచరులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో 2,210 మందిని పరీక్షిస్తే 18 శాతం మందికి మూత్రపిండాల జబ్బు ఉన్నట్లు తేలింది. వారిలో ఎక్కువమందికి కారణం తెలియదు. నీటిలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్ళు వంచి పనిచేస్తూ నీళ్ళు చాలినన్ని తాగకపోవడమన్నారు. ఇదీ అని ఏదీ నిలబడలేదు.

కారణం తెలియదు అన్న ఈ రెండు ముక్కలకు వైద్యశాస్త్రంలో ఎంత బరువుందో సర్కారు కాగితాల్లో అంతకన్న ఎక్కువ ఉన్నది. కారణం తెలిస్తే బాధ్యుడు తేలతాడు. బాధ్యుడుంటే నష్టపరిహారం అడగవచ్చు. ఫాక్టరీలో చెయ్యి తెగిన కార్మికుడికి 1923 నుంచి చట్టం ఉన్నది. కారణం లేని జబ్బుకు ఎవరిని అడగాలి? నష్టపరిహారం హక్కు, పింఛను మంజూరు. ఉద్దానం రోగికి మొదటి దారి మూసుకుపోయినందువల్ల రెండవది మాత్రమే మిగిలింది.

ఆ రెండవది కూడ తేలికగా రాలేదు. మొదటి రోజుల్లో డయాలసిస్ కావాలంటే విశాఖపట్నం పోవాలి, అంటే దాదాపు రెండువందల కిలోమీటర్లు. ఒకరోజు ప్రయాణం, ఒకరోజు యంత్రం, ఒకరోజు తిరుగు ప్రయాణం, మళ్ళీ మొదలు. రోగి వెంట మరొక మనిషి తప్పదు. ఇద్దరి కూలీ పోయేది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక చికిత్స ఖర్చు తగ్గింది. తరువాత సోంపేట, పలాస, టెక్కలి ఆసుపత్రులలో డయాలసిస్ కేంద్రాలు వచ్చి దూరమూ తగ్గింది. అయినా ఆటో కిరాయి, సూదిమందులు, పోయిన కూలీ లెక్కకు రాకుండా మిగిలాయి. 2017 మొదట్లో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి రోగులను కలిశాక పత్రికలన్నీ ఉద్దానాన్ని వ్రాశాయి. ఆ సంవత్సరమే చంద్రబాబు ప్రభుత్వం డయాలసిస్ రోగులకు నెలకు 2,500 పింఛను మొదలుపెట్టింది. 2019 జనవరిలో దానిని 3,500 చేసింది. జగన్ ప్రభుత్వం 2019 మే 30న వెలువరించిన ఉత్తర్వులో దానిని ఒక్కసారిగా 10,000కు పెంచింది. ఏ పార్టీ ఎంత పెంచిందన్న వాదం ఉద్దానంలో ప్రతి టీకొట్టు దగ్గరా నడుస్తుంది, దానిలోకి నేను పోను. నాకు ముఖ్యమనిపించినది వేరు. వయస్సూ కాదు, శాతమూ కాదు, ఒక జబ్బు పేరే అర్హత అయింది. కేంద్ర చట్టం పట్టికలో చోటు దొరకని జబ్బుకు రాష్ట్ర పింఛను పట్టికలో ఒక వరుస దొరికింది. దాని వెనుక ఉన్నది ఈ నాలుగైదు మండలాల చావులే.

2020లో డయాలసిస్ దాకా పోని రోగులకు కూడ 5,000 అన్నారు. అయితే షరతులున్నాయి. సీరం క్రియాటినిన్ 5 దాటాలి, వడపోత రేటు 15కు దిగువన ఉండాలి, మూత్రపిండాలు కుంచించుకుపోయి ఉండాలి. ఉద్దానంలో మీరెప్పుడైనా పెళ్ళికో పేరంటానికో వెళితే గమనించండి. జీడిపిక్కల ధర మాట్లాడుకున్నట్లు క్రియాటిన్ మాట్లాడుకుంటారు. "నాకు మూడు. మా అన్నకి ఏడు." చదువురాని ముసలమ్మ కూడ ఆ అంకె కచ్చితంగా చెబుతుంది. మూడున్నవాడు కొబ్బరిచెట్టు ఎక్కలేడు, పార పట్టలేడు, కాని కాగితం ప్రకారం వాడికింకా ఏమీ కాలేదు. అంకె పెరిగితే భయం, పెరగకపోతే పింఛను లేదు.

పలాసలో 2019 సెప్టెంబరులో శంకుస్థాపన చేసిన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి వంశధార నీరు తెచ్చే పథకం కూడ ఆనాడే మొదలయింది. ఇవి పెద్ద పనులు, వీటిని గురించి వేరే వ్రాయాలి.

మళ్ళీ మా అరుగు దగ్గరికి వస్తాను. ఆ దరఖాస్తు ఎందుకంటే, 2024 జూన్ 13న కొత్త ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులో మామూలు పింఛను 4,000, వికలాంగులకు 6,000, డయాలసిస్ వారికి మునుపటివలెనే 10,000 అని ఉన్నది. 5,000 వరుసలో ఉన్న డయాలసిస్ లేని కిడ్నీ రోగులకూ 10,000 చేశారు. వీటికి పైన మరొక వరుస ఉన్నది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 5,000 నుంచి 15,000. చిన్నాన్న ఈ రెండు వరుసలకూ చెందుతాడు. ఒక మనిషికి ఒకటే పింఛను. 10,000 ఎట్లాగూ వస్తున్నది, 15,000 కావాలంటే మంచం పట్టినట్లు వైద్యుల బృందం వ్రాసివ్వాలి.

ఆ 15,000 అంకె చూసినప్పుడు నాకు సంతోషమే కలిగింది. జబ్బు పేరు కాక, లేవలేని స్థితిని కొలమానంగా తీసుకున్న వరుస అది. లేవలేనివాడంటే లేపేవారు ఉండాలని అర్థం కదా. ఉత్తర్వు ఆ మాట అనలేదు, కాని ఆ మాటకు అంత దగ్గరగా వచ్చిన ఉత్తర్వు మనకు మరొకటి లేదు. సైన్యంలో మాత్రం అది మొదటినుంచీ సూటిగానే ఉన్నది. నూరు శాతం వైకల్యంతో ఇంటికి వచ్చిన సైనికుడికి నిరంతరం ఒక తోడు మనిషి కావాలని వైద్య మండలి సిఫారసు చేస్తే వైకల్య పింఛనుపైన ప్రత్యేకంగా భత్యం ఇస్తారు. ఏడవ వేతన సంఘం తరువాత అది నెలకు 6,750 అయింది. దాని పేరే కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్. ఒకే ఊళ్ళో ఇద్దరు మంచం పడితే, పట్టాళం నుంచి వచ్చినవాడికి తోడు కావాలని ప్రభుత్వానికి తెలుసు, చెట్టెక్కి బతికినవాడికి తోడు కావాలని తెలియదు.

బ్రిటనులో 1971లో అటెండెన్స్ అలవెన్స్ వచ్చింది, రోగికి. 1976లో ఇన్‌వాలిడ్ కేర్ అలవెన్స్ వచ్చింది, రోగిని చూసుకుంటూ ఉద్యోగం మానుకున్నవారికి. అందులో పెళ్ళయిన ఆడవారిని మినహాయించారు! వాళ్ళు ఎట్లాగూ ఇంట్లోనే ఉంటారు కదా అని తర్కం. జాక్వెలిన్ డ్రేక్ అనే ఆవిడ తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం వదిలి, ఆ నియమం మీద యూరపు న్యాయస్థానం దాకా పోయి 1986లో గెలిచారు. మన దేశంలో కేరళ 2010లో ఆశ్వాసకిరణం అని ఒక పథకం పెట్టి, మంచాన పడినవారిని చూసుకునే మనిషికి నెలకు కొంత ఇవ్వడం మొదలుపెట్టింది. చిన్న మొత్తమే. కాని ఆ దరఖాస్తులో పిన్నికి గడి ఉండేది.

మన 2016 చట్టంలోనూ ఒక మాట ఉన్నది. అధిక తోడ్పాటు అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇవ్వవచ్చునని 24వ సెక్షను, అటువంటివారు తోడ్పాటు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చునని 38వ సెక్షను చెబుతున్నాయి. ప్రభుత్వపు ఆర్థిక స్తోమతకు లోబడి అన్న షరతు కూడ అక్కడే ఉన్నది. చట్టం చదివినప్పుడు పట్టికలో లేని మూత్రపిండం మళ్ళీ గుర్తుకు వచ్చింది. చిన్నాన్న పక్షవాతంతో ఆ తలుపు తట్టగలడు, డయాలసిస్‌తో తట్టలేడు.

పిన్ని చేసే పని ఏమిటో వ్రాయకపోతే ఇదంతా గాలికబుర్లవుతుంది. డయాలసిస్ మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. ఆమె దగ్గర ఒక చిన్న స్టీలు గ్లాసు ఉండేది, పొద్దున్నుంచి రాత్రి దాకా ఇన్ని గ్లాసులని లెక్క. చారు, మజ్జిగ కూడ అందులోనే. ఆకుకూర, దుంప ఉడికించి ఆ నీరు వంచేసి మళ్ళీ వండాలి, పొటాషియం పోవడానికి. ఉప్పు లేదు. అన్నిటికన్న విచిత్రం, కొబ్బరినీళ్ళు విషంతో సమానం. చుట్టూ కొబ్బరిచెట్లు, వేసవిలో ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ బొండం కొట్టి ఇచ్చే ఇంట్లో ఆయన చూస్తుండగా ఎవరూ తాగకూడదని నియమం పెట్టుకున్నారు. యంత్రానికి కలిపే చెయ్యి మీద బరువు పడకుండా చూడాలి. పక్షవాతం వచ్చాక రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే ఒంటికి పుళ్ళు. డయాలసిస్ రోజు తెల్లవారు నాలుగుకు లేచి, ఒళ్ళు తుడిచి, ఆటోలోకి మోయించి, నాలుగు గంటలు ఆసుపత్రి వసారాలో కూర్చుని, తిరిగి తెచ్చుకోవాలి. ఆమె అంతకుముందు జీడిపిక్కలు ఒలిచే పనికి పోయేది, అది మానేసింది. ఆ పోయిన కూలీ ఏ లెక్కలోనూ లేదు.

దరఖాస్తు పెట్టాక ధ్రువపత్రానికి అక్టోబరులో ఒక తేదీ వచ్చింది. అది డయాలసిస్ రోజు. ఒకటి తప్పిస్తే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఊపిరితిత్తులకు నీరు పడుతుంది. తేదీ మార్చమని అడగడానికి పిన్ని రెండుసార్లు తిరిగింది. "మళ్ళీ స్లాటు వచ్చినప్పుడే" అన్నారు. వాళ్ళూ కోపంగా అనలేదు, కంప్యూటరులో ఆ వీలు లేదట. ఆమె యంత్రాన్నే ఎంచుకుంది. రెండవ తేదీ డిసెంబరులో వచ్చింది. ఆటో వెనుక సీటు మీద పరుపు వేసి పడుకోబెట్టి తీసుకుపోయాము. వైద్యుడు మర్యాదగానే చూశాడు, చెయ్యి ఎత్తమన్నాడు, ఎత్తలేదని వ్రాసుకున్నాడు. ఎవరు చూసుకుంటున్నారని అడగలేదు. అడగవలసిన గడి ఆయన ముందున్న తెర మీదా లేదు.

2025 జనవరిలో ప్రభుత్వమే ఎదురు బయలుదేరింది. 15,000 తీసుకుంటున్న దాదాపు 24 వేల మంది ఇళ్ళకు వైద్య బృందాలను పంపి, నిజంగా మంచంలో ఉన్నారా అని చూడడం మొదలుపెట్టింది. దొంగ ధ్రువపత్రాలు లేవని ఎవరూ అనరు, ఏరవలసిందే. ఆ ఆగస్టులో వికలాంగుల పింఛన్ల పునఃపరిశీలనలో 40 శాతానికి తగ్గినవారికి తాఖీదులు వెళ్ళాయి, గోల జరిగింది, అప్పీలుకు అవకాశమిచ్చారు. నాకు తోచినదొక్కటే: వైద్యుడు ఇంటికి రాగలడని ఆ జనవరిలో రుజువయింది. తనిఖీకి రాగలిగినవాడు దరఖాస్తుకూ రాగలడు. పరుపు వేసిన ఆటో అక్కరలేదు.

మా దరఖాస్తు మీద జవాబు రాలేదు. ఫిబ్రవరి రెండవ వారంలో చిన్నాన్న పోయారు. చివరి పింఛను ఆ నెల 1వ తేదీన సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి ఇచ్చి వెళ్ళాడు. వేలిముద్ర పడక ముఖం ఫోటో తీసుకోవలసివచ్చింది. ఫోటోలో ఇంకెవరూ పడకూడదంటే, తలపట్టుకుని కూర్చోబెట్టిన పిన్ని దిండు ఆనించి పక్కకు తప్పుకుంది.

2024 నవంబరు నుంచి, పింఛను తీసుకుంటున్న భర్త మరణిస్తే భార్యకు ఆలస్యం లేకుండా పింఛను ఇచ్చే ఏర్పాటు వచ్చింది. నెలకు 4,000. పెద్దకర్మ అయిన మూడవ నాడు ఆ అరుగు మీదనే కూర్చుని రెండవ దరఖాస్తు నింపాను. మరణ ధ్రువపత్రం, ఆధారు, బియ్యం కార్డు. ఈసారి మొదటి గడిలోనే ఆమె పేరు వ్రాశాను. పిన్ని చదువుకోలేదు గాని తన పేరు పోల్చుకోగలదు. కాగితం చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "ఇప్పుడు పట్టిందా" అని తిరిగి ఇచ్చేసింది.